సెలైన్ సీసా మంచం దాకా వచ్చే దారి

సంగనకల్లులో ఎవరికైనా పెద్దగా బాగాలేకపోతే బళ్లారికే పరుగు. కాన్పులకు జిల్లా ఆసుపత్రి, మిగతావాటికి పేరు మారినా మనం ఇంకా విమ్స్ అనే పిలిచే వైద్య కళాశాల ఆసుపత్రి. అక్కడ డాక్టరు ఎవరు, మంచం దొరుకుతుందా అని అడుగుతాం. స్టాండుకు వేలాడే సీసా ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. 2024 నవంబరు తర్వాత ఆ ప్రశ్న కూడా అడగక తప్పడం లేదు.

ఆ నెలలో జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ అయిన బాలింతల్లో కొందరి పరిస్థితి ఆపరేషన్ తర్వాత ఒక్కసారిగా విషమించింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. డిసెంబరు మొదటి వారానికి ఐదుగురు తల్లులు చనిపోయారు. వారికి ఎక్కించిన రింగర్ లాక్టేట్ సెలైన్ మీద అనుమానం వచ్చింది. దాన్ని తయారుచేసింది పశ్చిమ్ బంగ ఫార్మాస్యూటికల్స్ అనే బెంగాల్ కంపెనీ. కర్ణాటక ప్రభుత్వం ఆ సరుకు వాడకం ఆపించి, రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్‌ను సస్పెండ్ చేసింది. 2025 జనవరిలో బెంగాల్‌లోని మేదినీపూర్ వైద్య కళాశాలలోనూ ఒక బాలింత మరణించగా, అదే కంపెనీ సెలైన్ పేరు మళ్లీ బయటికొచ్చింది.

రింగర్ లాక్టేట్ అరుదైన మందేమీ కాదు. సోడియం, పొటాషియం, కాల్షియం, లాక్టేట్ కలిపిన నీరు. ఆపరేషన్‌లో రక్తం, నీరు తగ్గినప్పుడు ఎక్కిస్తారు. రోజూ పెట్టెలకు పెట్టెలు ఖర్చవుతాయి కాబట్టే దాని మీద ఎవరి చూపూ నిలవదు. మాత్రలో లోపముంటే కడుపు, కాలేయం కొంతైనా అడ్డుకుంటాయి. సెలైన్ మాత్రం నేరుగా రక్తంలోకే పోతుంది. అధిక వేడితో శుద్ధి చేస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని, కొన్ని బ్యాక్టీరియా వదిలిన విషం, అంటే ఎండోటాక్సిన్, అలాగే మిగిలిపోవచ్చు. చలి, జ్వరం, బీపీ పడిపోవడం దాని గుర్తులు. సీసాను వెలుతురుకు పెట్టి చూస్తే నలుసులు, మబ్బుతనం కనిపిస్తాయేమో గాని ఇది కనిపించదు. అందుకే ప్రయోగశాల పరీక్ష తప్పదు. సూక్ష్మజీవులు లేవని తేల్చే పరీక్షకే 14 రోజులు ఆగాలి.

కర్ణాటకలో ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనేది రాష్ట్ర వైద్య సరఫరాల సంస్థ. టెండరు, సరుకు, శాంపిల్ పరీక్ష, గోదాము, ఆసుపత్రి స్టోరు, వార్డు అలమార, ఆ తర్వాతే మంచం. ఈ కేసులో గొలుసు తెగింది మొదటి మెట్ల దగ్గరే. రాష్ట్ర ప్రయోగశాల నాసిరకమన్న కొన్ని బ్యాచ్‌లను కేంద్ర ప్రయోగశాల బాగున్నాయంది. ఆపేసిన సరుకులో కొంత తిరిగి వాడకంలోకి వచ్చింది. రెండు నివేదికలు పొసగనప్పుడు సరుకును పక్కనే ఉంచాలన్నది సామాన్యుడికీ తట్టే మాట. స్టోరులో వేరే సీసా లేకపోతే ఆ మాట నిలబడదు. అదనపు నిల్వ, రెండో సరఫరాదారు ఉండటం కూడా రోగి భద్రతలో భాగమే.

ఈ గొలుసుకు పేరున్న నమూనా పక్కనే తమిళనాడులో ఉంది. 1994లో ఏర్పడిన అక్కడి వైద్య సేవల కార్పొరేషన్ ప్రతి ఆసుపత్రికి ఒక పాస్‌బుక్ ఇచ్చింది. ఎంత విలువ సరుకు తీసుకోవచ్చో అందులో రాసి ఉంటుంది. ఏది ఎంత కావాలో ఆసుపత్రే తేల్చుకుంటుంది. అక్కరలేనిది గోదాములో మూలిగి గడువు దాటిపోదు.

ఆసుపత్రి లోపల అసలు కీలకం బ్యాచ్ నంబరు. గడువు ముందు ముగిసేదాన్ని ముందు వాడాలన్నది స్టోరు నియమం, అది చాలాచోట్ల జరుగుతుంది. కాని ఏ బ్యాచ్ సీసా ఏ రోగికి ఎక్కిందో కేస్ షీటులో రాస్తేనే, ఒకే వార్డులో ముగ్గురికి చలిజ్వరం వచ్చిన గంటలో మిగతా పెట్టెలు ఆపగలరు. రాయకపోతే మరణాల తర్వాత వెనక్కి వెతుక్కోవాలి. రాతకు పట్టేది అర నిమిషం.

సరుకుతో పాటు యంత్రాల సంగతీ ఉంది. 2022 సెప్టెంబరులో విమ్స్‌లో కరెంటు పోయిన రోజు ఐసీయూలో రోగులు మరణించారు. వెంటిలేటర్లు ఆగడమే కారణమని కుటుంబాలు అన్నాయి, అది కారణం కాదని అధికారులు అన్నారు. వాదన ఏదైనా, జనరేటరు ఉండటం వేరు, లోడు వేసి క్రమం తప్పకుండా నడిపి చూడటం వేరు. 2021 మే 10న తిరుపతి రుయాలో ట్యాంకరు ఆలస్యమై ఆక్సిజన్ ఒత్తిడి కొద్ది నిమిషాలు తగ్గితే, అధికారుల లెక్కలోనే 11 మంది పోయారు. కేంద్రం 2015లో తెచ్చిన వైద్య పరికరాల నిర్వహణ పథకం ప్రకారం జిల్లా ఆసుపత్రి యంత్రాలు 95 శాతం కాలం పనిచేసే స్థితిలో ఉండాలి. మూలన గుడ్డ కప్పిన యంత్రం కనిపిస్తే ఎప్పటి నుంచి అలా ఉందని అడగడం తప్పేమీ కాదు.

రోగి పక్కన కూర్చున్నవాళ్లు సీసా మారినప్పుడల్లా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోనులో ఫోటో తీసుకోవచ్చు. సెలైన్ మొదలైన కాసేపటికే వణుకు, జ్వరం, ఆయాసం వస్తే మీరే గొట్టం పీకవద్దు. వెంటనే సిస్టరును పిలిచి ఆపమనండి. మిగిలిన ద్రవంతో సహా సీసా, గొట్టం పారేయకుండా దాచమని డ్యూటీ డాక్టరుకు చెప్పండి, పరీక్షకు అదే ఆధారం. మందుల దుష్ప్రభావాలను రోగులే నేరుగా తెలియజేయడానికి కేంద్ర ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. దాని ఉచిత ఫోను 1800-180-3024. వార్డు రిజిస్టర్లన్నీ కన్నడంలో ఉన్నాయని మన పెద్దవాళ్లు వెనకాడుతుంటారు. రోగులు నింపాల్సిన ఆ ఫారం కన్నడంలోనే కాదు, తెలుగులోనూ దొరుకుతుంది.