మౌలాలి మైదానం నుంచి షోలవరం రన్‌వే దాకా: వేగానికి వచ్చిన కట్టుబాట్లు

ఉప్పల్, నాచారం కుర్రాళ్లు కొత్త కారు తీసుకుంటే, పూజ చేయించిన వారంలోపే కీసర వైపు ఒక చక్కర్ కొట్టి రావడం మామూలు. ఈసీఐఎల్ దాటి, నాగారం మీదుగా కీసర చేరితే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కొచ్చు. ఎనిమిది వరసల దారి, మధ్యలో డివైడర్, పక్కన కంచె, కనుచూపు మేర సిగ్నల్ ఉండదు. 158 కిలోమీటర్ల ఈ వలయం 2018లో పూర్తయింది. గరిష్ఠ వేగాన్ని ఒక దశలో గంటకు 100 కిలోమీటర్లకు తగ్గించి, 2023లో మళ్లీ 120కి పెంచారు. చూడగానే రేసు ట్రాక్ అనిపిస్తుంది. ఆ పోలికే ప్రాణం మీదికి తెస్తోంది.

2010 జూన్‌లో నటుడు కోట శ్రీనివాసరావు, 2011 సెప్టెంబరులో క్రికెటర్ అజారుద్దీన్ రోడ్డు ప్రమాదాల్లో కొడుకుల్ని పోగొట్టుకున్నారు. ఆ కొడుకులిద్దరూ నడిపినవి స్పోర్ట్స్ బైకులే. పేరున్న ఇళ్లు కనుక ఆ వార్తలు మొదటి పేజీకెక్కాయి. పేరు లేని ఇళ్ల కబుర్లు జిల్లా పేజీల్లో నాలుగు లైన్లతో సరిపెట్టుకున్నాయి. వేగం మీద మోజు తప్పని తిట్టి ఊరుకుంటే అది పోదు. దానికి ఒక చోటు, ఆ చోటికి కొన్ని కట్టుబాట్లు కావాలి. లోకంలో ట్రాకుల చరిత్రంతా ఆ కట్టుబాట్లు ఒక్కొక్కటిగా ఎలా పుట్టాయన్న కథే.

పందేనికి ప్రత్యేకంగా చోటు కేటాయించడం ఈ తూర్పు హైదరాబాద్‌కు కొత్త కాదు. నాచారం పక్కనే ఉన్న మౌలాలిలో 1868లోనే గుర్రప్పందేలు మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అవి మలక్‌పేటకు మారాయి. ఈ ఊళ్లో చాలాకాలం రేసు అంటే గుర్రాలదే. మోటారు పందేలు మాత్రం దక్షిణాదిలో మరో దిక్కున, మద్రాసు దగ్గర వేళ్లూనుకున్నాయి.

మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో రెడ్‌హిల్స్ దాటాక షోలవరం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది, ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ రన్‌వేనే రేసులకు వాడుకుంది. యుద్ధం ముగిశాక ఇంగ్లండ్‌లోనూ ఇదే జరిగింది. సిల్వర్‌స్టోన్, స్నెటర్టన్ రెండూ పాత వైమానిక స్థావరాలే. వెడల్పాటి చదును నేల, దగ్గర్లో చెట్టూ గోడా లేకపోవడం రన్‌వేల సుగుణం. దారి తప్పిన కారు తనంతట తాను ఆగడానికి కావలసినంత జాగా దొరుకుతుంది. కానీ రన్‌వేకు సొంతంగా మలుపులుండవు, వాటిని ఏదో ఒకటి అడ్డం పెట్టి సృష్టించుకోవాలి. ఆ రోజుల్లో లోకమంతటా అందరికీ దొరికిన సులువైన అడ్డు గడ్డిమోపులు.

ఆ గడ్డిమోపుల సంగతి 1967 మే 7న మొనాకోలో తేలింది. ఫెరారీ నడుపుతున్న లోరెంజో బండీని హార్బర్ పక్క మలుపులో అదుపు తప్పి బోల్తా కొట్టాడు. పెట్రోలు అంటుకుంది, గడ్డి మంటను ఎగదోసింది. మూడు రోజుల తర్వాత ఆయన చనిపోయాడు. ఆ తర్వాతే ఫార్ములా వన్ ట్రాకుల నుంచి గడ్డిమోపులు తప్పుకుని, ఇనుప కంచెలు, టైర్ల వరసలు వాటి చోటికి వచ్చాయి.

అంతకు ఏడాది ముందు, 1966లో, బెల్జియంలోని స్పా ట్రాక్ మీద జరిగింది ఇంకా వివరంగా చెప్పుకోవాలి. వాన పడింది. రేసర్ జాకీ స్టీవర్ట్ కారు అదుపు తప్పి ట్రాక్ బయట పడింది. స్టీరింగ్ చక్రం కాలికి అడ్డుపడి ఆయన బయటికి రాలేకపోయాడు. ఒంటి నిండా పెట్రోలు. ఒక్క నిప్పురవ్వ పడితే అంతే సంగతులు. సాయానికి ట్రాక్ సిబ్బంది రాలేదు, విడదీసే పనిముట్లూ లేవు. అదే వానలో కార్లు అదుపు తప్పిన తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండ్యురంట్ పరుగెత్తుకొచ్చి, చూడ్డానికి వచ్చిన ఒకాయన దగ్గర పానా అడిగి తీసుకుని స్టీరింగ్ విప్పారు. దాదాపు 25 నిమిషాలు పట్టింది. ఆ తర్వాత స్టీవర్ట్ తన కారులోనే ఒక పానా కట్టి ఉంచుకునేవాడు. ట్రాక్ దగ్గర వైద్యుడు, అంబులెన్సు, శిక్షణ పొందిన మార్షల్స్ ఉండాలని ఏళ్ల తరబడి పోరాడాడు. నిర్వాహకులు కొందరు ఆయన్ను పిరికివాడన్నట్టు చూశారు. ఈరోజు ఏ ట్రాక్ మీదైనా అంబులెన్సు రాకపోతే రేసు మొదలు పెట్టరంటే దాని వెనక ఈ మనిషి మొండితనం ఉంది.

ఆ రోజు పానా పట్టుకున్న బాండ్యురంట్ మరుసటి ఏడాది తానే ఘోర ప్రమాదంలో పడ్డాడు. కోలుకున్నాక 1968లో అమెరికాలో డ్రైవింగ్ స్కూలు తెరిచాడు. అంతకు ముందే, 1957లో, రేసర్ జిమ్ రస్సెల్ స్నెటర్టన్‌లో రేసింగ్ స్కూలు నడిపాడు. కారు కంపెనీలు, కార్ల క్లబ్బులు ఈ పద్ధతిని మామూలు జనం దాకా తెచ్చాయి. పోర్షే 1974లో, బీఎండబ్ల్యూ 1977లో తమ కార్లు కొన్నవారికి శిక్షణ మొదలుపెట్టాయి. రోజువారీ కారుతోనే ట్రాక్ మీదికెళ్లి, పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెట్టుకుని, పోటీ లేకుండా నేర్చుకునే రోజు అలా ఆచారంగా స్థిరపడింది. మన దగ్గర దాన్ని ట్రాక్ డే అంటున్నారు.

రేసింగ్ విలువ, దాని బడి చదువు విలువ గ్రహించిన మనవాళ్లలో కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి ఇంజిన్‌తో తక్కువ ఖర్చులో ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. ఫార్ములా మారుతిగా పేరు పడ్డ ఆ కారు లక్షాధికారులు కానివాళ్లకూ రేసింగ్ తలుపు తీసింది. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాక, కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో కట్టిన 2.1 కిలోమీటర్ల ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. అదే ఊరి నారాయణ్ కార్తికేయన్ తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీ చాంపియన్. కొడుకును 1992లో ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ స్కూలుకు పంపాడు. ఇంట్లో కార్లుండి, నేర్పే తండ్రి ఉండి కూడా పిల్లవాణ్ణి బడిలో వేయడం చాలా పెద్ద నిర్ణయం. 2005లో నారాయణ్ ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు.

షోలవరం రోజులు ముగిసి, 1990లో చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్ వచ్చింది. బైకుల వాళ్లకు పేరొందిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ 2010 నుంచి మన దేశంలో పాఠాలు చెప్పింది కూడా అక్కడే. హైదరాబాద్ నుంచి ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం.

ట్రాక్ డే పొద్దున్నే బ్రీఫింగ్‌తో మొదలవుతుంది. అది వినని వాళ్లను ట్రాక్ మీదికి పంపరు. ముందు జెండాలు. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చేయొద్దు. ఎరుపంటే అందరూ నెమ్మదించి పిట్స్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, రావాలి. నీలం అంటే వెనక వేగమైన కారుంది. పసుపు మీద ఎర్ర చారలుంటే దారి జారుతోంది. నల్ల జెండా మనకే చూపిస్తే లోపలికి వచ్చి కనబడాలి. ఆ తర్వాత ఓవర్‌టేక్ నియమం. కొత్తవాళ్ల గ్రూపులో తిన్నటి దారి మీద మాత్రమే, అదీ ముందు కారు నడిపే మనిషి చెయ్యి చూపి దారిచ్చాకే దాటాలి. హైవే మీద లైట్లు కొట్టి, హారన్ మోగించి దారి గుంజుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. దాటే హక్కు వెనకవాడిది కాదు, ముందువాడు ఇచ్చేది. ఈ ఒక్క నియమం ఎన్ని కార్లను కాపాడిందో లెక్క కట్టలేం.

తరవాత కారు తనిఖీ. నీళ్ల సీసా, ఫోన్ చార్జరు, డ్యాష్‌బోర్డు మీది వినాయకుడి బొమ్మ, కాళ్ల కింద మ్యాట్ అన్నీ తీసేయాలి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీటు కింది సీసా దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద ఇరుక్కుంటుంది. అప్పుడు పెడల్ దిగదు, కారు ఆగదు. బ్రేక్ ఆయిల్ సంగతి ఇంతకన్నా ముఖ్యం. డాట్ 4 రకం నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పట్టిన నూనె 155 డిగ్రీలకే మరగవచ్చు. నాచారం రోడ్ల మీద ఏళ్ల తరబడి మారకుండా నడిచిన నూనె ట్రాక్ మీద నాలుగో ల్యాప్‌లోనే ఆవిరి పట్టి, పెడల్ మెత్తగా నేలను తాకుతుంది. అందుకే వెళ్లే ముందు మార్పించాలి, ప్రతి సెషన్ చివరి ల్యాప్ బ్రేకులు చల్లారేలా నెమ్మదిగా నడపాలి. వచ్చి ఆపాక వేడిగా ఉన్న బ్రేకుల మీద హ్యాండ్‌బ్రేక్ లాగకూడదు, గేరులో ఉంచి చక్రానికి అడ్డు పెట్టాలి.

హెల్మెట్‌కూ ఒక మరణం ముడిపడి ఉంది. 1956లో పీట్ స్నెల్ అనే రేసర్ తలకు దెబ్బ తగిలి చనిపోతే, మిత్రులు 1957లో ఆయన పేరిట ఫౌండేషన్ పెట్టి హెల్మెట్లను పరీక్షించడం మొదలెట్టారు. ఆ సంస్థ కార్లకిచ్చే ఎస్‌ఏ ముద్రకు మంటను తట్టుకునే పరీక్ష ఉంటుంది, బైకులకిచ్చే ఎం ముద్రకు ఉండదు. మెడను కాపాడే హాన్స్ పరికరాన్ని రాబర్ట్ హబ్బర్డ్ అనే ఆచార్యుడు, ఆయన బావ, రేసర్ జిమ్ డౌనింగ్ 1980లలోనే తయారుచేశారు. ఎవరూ పట్టించుకోలేదు. 2001 ఫిబ్రవరిలో డేటోనా రేసులో డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయాక గానీ అమెరికా రేసర్లకు కళ్లు తెరుచుకోలేదు. ఫార్ములా వన్ 2003లో దాన్ని తప్పనిసరి చేసింది.

ఇన్ని కట్టుబాట్లున్నా ట్రాక్ ప్రాణాలు తీయదని కాదు. 2023 జనవరి 8న చెన్నై ట్రాక్ మీద 59 ఏళ్ల సీనియర్ రేసర్ కె.ఇ. కుమార్ చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో బైకు రేసులో 13 ఏళ్ల బాలుడు పోయాడు. అందుకే తనిఖీ మొక్కుబడిగా జరిగితే ఒప్పుకోకూడదు.

హైదరాబాద్‌కు ట్రాక్ రుచి తెలిసింది హుస్సేన్‌సాగర్ ఒడ్డునే. 2023 ఫిబ్రవరి 11న ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్ల మీద 2.8 కిలోమీటర్ల దారిలో దేశంలోనే మొదటి ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ప్రాక్టీస్ రోజున సాధారణ వాహనాలు కొన్ని ట్రాక్‌లోకి వచ్చేయడంతో కార్లు ఆలస్యంగా బయల్దేరాయి. రోడ్డుకూ ట్రాక్‌కూ తేడా అక్కడే ఉంది. ట్రాక్ మీదికి అడ్డంగా ఎవరూ రారన్న హామీ ఉండాలి, రింగ్ రోడ్డు ఆ హామీ ఇవ్వలేదు. 2024లో రెండో రేసు రద్దయింది.

చట్టం ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ లిఖిత అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం వేయడం నేరం. 1988లో 500 రూపాయలున్న జరిమానాను 2019 సవరణ మొదటిసారికి 5,000కు, మళ్లీ చేస్తే 10,000కు పెంచింది. జైలూ పడొచ్చు. బీమా సంగతీ ముందే చూసుకోవాలి. మామూలు కారు పాలసీ రేసింగ్‌కు, వేగ పరీక్షకు వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. ట్రాక్ డేలో కంచె గుద్దితే ఆ ఖర్చు మనదేనని అనుకుని వెళ్లాలి.

ట్రాక్ డే సాయంత్రానికి ఒంట్లో ఓపిక తగ్గాక, ఇక అన్నీ వచ్చేశాయన్న ధీమా పెరిగాక పొరపాట్లు ఎక్కువవుతాయి. చివరి సెషన్‌కు ముందే అలసట అనిపిస్తే మానుకుంటే తప్పు లేదు, డబ్బు పోయిందన్న బాధ అక్కర్లేదు. ఆ రాత్రి చెన్నైలో పడుకుని తెల్లారి బయల్దేరడం మంచిది. ట్రాక్ మీద వేడికి టైర్లలో ఒత్తిడి పెరుగుతుందని మధ్యాహ్నం గాలి తీసేసి ఉంటారు. హైవే ఎక్కే ముందు, టైర్లు చల్లారాక, డ్రైవర్ తలుపు అంచున స్టిక్కర్ మీదున్న అంకె దాకా మళ్లీ గాలి పట్టించి, బ్రేక్ ప్యాడ్ల మందం ఒకసారి చూపించుకోవాలి.