లాడము వేసిన చేతులు

రాజుల చరిత్రలందు గుఱ్ఱముల లెక్క కలదు. వాని గిట్టలకు లాడములు కొట్టినవాని పేరు కానరాదు. అట్టి పనివాడు లేనినాడు ఎంత నష్టము వాటిల్లునో 13వ శతాబ్దాంతమున దక్షిణదేశమును చూచిన మార్కోపోలో వ్రాసియుంచెను. మన మోటుపల్లి రేవును వర్ణించిన ఆ యాత్రికుడే, పాండ్యభూమిలో రాజు ఏటేట 2,000కు మించి గుఱ్ఱములను కొనుచుండెననియు, ఏడాది తిరుగునప్పటికి నూరైనను మిగులకుండెననియు చెప్పెను. వాని కాళ్లను, రోగములను ఎఱిగిన నేర్పరులు అచ్చట లేరు. అట్టివారిని గుఱ్ఱపు వర్తకులు ఓడ ఎక్కనిచ్చెడివారు కారు; గుఱ్ఱములు చచ్చినకొలది బేరము పెరుగును గదా!

ఇంతకును ఆ నేర్పు ఎట్టిది? గిట్ట అంచు మన గోరువంటిది. దానికి నొప్పి తెలియదు. దాని లోపల ప్రాణమున్న కండ కలదు. మేకు ఆ అంచులోనే సాగి వెలుపలికి రావలెను. కొంచెము లోనికి తప్పినను జంతువు కుంటుపడును. గోరువలెనే గిట్టయు పెరుగును గనుక ఆరు వారములకో, రెండు మాసములకో లాడము ఊడదీసి, గిట్టను చెక్కి, మరల కొట్టవలెను.

గుఱ్ఱపు గిట్ట ఒక్కటే, లాడమును ఒక్కటే. ఎద్దు గిట్ట చీలియుండును. కాలికి రెండు చొప్పున నాలుగు కాళ్లకు ఎనిమిది బిళ్లలు కావలెను. గుఱ్ఱము మూడు కాళ్లపై నిలిచి నాలుగవ కాలు ఇచ్చును. ఎద్దు అట్లు నిలువదు. త్రాళ్లతో కాళ్లు బంధించి, మెత్తని నేలపై పడవేసి పని ముగింపవలెను.

దుక్కిటెద్దుకు బురదనేలలో నాడాతో పనిలేదు. కంకరబాటపై బరువులాగు ఎద్దునకే అది అవసరము. కనుకనే చోడవరమువంటి చెరకుసీమలో ఈ పనికి విలువ యుండెను. 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నము జిల్లాలోనుండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాకు చెందిన ఊరిది. చెరకు బండ్లు గోవాడ సహకార చక్కెర కర్మాగారమునకును, బెల్లపు దిమ్మల బండ్లు అనకాపల్లి బజారునకును సాగిన దినములలో, ఎద్దు కాలికి నాడా, చక్రమునకు ఇనుప పట్టా రెండును కొలిమినుండియే వచ్చినవి. పట్టాను చక్రముకన్న పిసరంత చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, సాగినపుడు తొడిగి, నీరు చల్లుదురు. అది ముడుచుకొని కఱ్ఱను బిగించును.

లారీయు, ట్రాక్టరును బాటకెక్కిన పిదప ఆ బరువు ఎద్దు మెడనుండి దిగినది. అది మంచిదే. కాని కొడవలి, గునపము చేయు కమ్మరికి ఇంకను కొంత పని మిగులగా, నాడాలు కొట్టువాని బ్రతుకుతెరువు మాత్రము బాటతోపాటే పోయినది. అతని విద్య గ్రంథములలో లేదు; చేతిలో నుండెను. చేయి నేర్పనిచో అది తరువాతి తరమునకు అందదు.

పాత లాడమును శుభమని గుమ్మమునకు కొట్టుకొను ఇండ్లు నేటికిని కలవు. దాని మేకుల రంధ్రములను ఒకసారి పరికింపుడని మా మనవి. ఒక మూగజీవికి నొప్పి కలుగకుండ ఎవరో కొలిచి పొడిచిన రంధ్రములవి.