పేగు మెలిక: ఒక వైద్యపదం పుట్టుపూర్వోత్తరాలు

అనకాపల్లి ప్రాంతంలో పశువును కట్టిన తాడు చుట్టుకుపోతే ‘మెలిక పడింది’ అంటారు. చంటిబిడ్డ కడుపునొప్పితో కాళ్ళు ముడుచుకొని గుక్కపట్టి ఏడుస్తుంటే, పరీక్షించిన వైద్యుడు తల్లితో చెప్పేదీ ‘పేగు మెలిక పడింది’ అనే. ఈ ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు జబ్బులున్నాయి. పేగు తన చుట్టూ తాను తిరిగి బిగుసుకుపోవడం ఒకటి. దీనిని వాల్వులస్ అంటారు. పేగులో ఒక భాగం దాని పక్క భాగంలోకి దూరి మడతపడిపోవడం రెండవది; దీని పేరు ఇంటస్ససెప్షన్. చొక్కా విప్పేటప్పుడు చెయ్యి సగం లోపలికి మడతపడి ఉండిపోయినట్లే ఇది. రెండూ ప్రాణాంతకమైనవే. అయితే మూడు నెలల నుంచి మూడేళ్ళ లోపు పసివారిలో ఎక్కువగా కనిపించేది రెండవది. అటువంటి జబ్బును కూడా మెలిక అనే పిలవడం ఎలా జరిగింది? ఈ అలవాటు తెలుగువారిది మాత్రమే కాదు. దాని మూలాలు చాలా పాతవి.

ప్రాచీన గ్రీకు వైద్యులు పేగులు మూసుకుపోయే జబ్బును ‘ఐలియోస్’ అన్నారు. చుట్టుకొనుట, మెలిపడుట అని అర్థమిచ్చే ధాతువు నుంచి పుట్టిన మాట అది. క్రీ.శ. 9వ శతాబ్దిలో బాగ్దాదులో హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్, ఆయన శిష్యులు గ్రీకు వైద్యగ్రంథాలను అరబీలోకి తెచ్చిన కాలంలో ఇటువంటి మాటలెన్నో అరబీ లిపిలోకి ఉన్నవి ఉన్నట్లుగా చేరాయి. ఐలియోస్ ‘ఈలావూస్’ అయింది. పెద్దపేగును సూచించే కోలన్ అనే గ్రీకు మాటకు చెందిన పదం ‘ఖూలంజ్’ అయింది. ఉర్దూ తెలిసిన ఇళ్ళలో ఈ రెండవ మాట ఇప్పటికీ కొత్తది కాదు.

అరబీ హకీములు ఈ పదాలను అరువు తెచ్చుకొని ఊరుకోలేదు. పెద్దపేగులో అడ్డుపడితే ఖూలంజ్ అని, సన్నపేగులో అయితే ఈలావూస్ అని ఇబ్నె సీనా విడదీసి చెప్పాడు. పేగు మెలిపడటాన్ని ఈలావూస్ కారణాలలో ఒకటిగా లెక్కించాడు. ఖూలంజ్‌పై ఒక ప్రత్యేక గ్రంథమే రాశాడు. హిజ్రీ 428లో, అంటే క్రీ.శ. 1037లో, హమదాన్‌లో ఆయన ప్రాణం తీసిందీ ఆ జబ్బేనని ఆయన శిష్యుడు జూజ్జానీ రాసిన జీవితచరిత్ర చెబుతుంది. ఈలావూస్‌కు హకీములు మరో పేరు కూడా పెట్టారు: ‘అల్ ముస్తఆజు మిన్హు’, అంటే దేని నుంచి అల్లాహ్ శరణు కోరతారో అది. మధ్యయుగపు ఐరోపాలో ఇదే జబ్బు ‘మిజెరేరే’, అంటే ‘కరుణించు’ అనే ప్రార్థనాపదంతో ప్రసిద్ధికెక్కింది. మందు దొరకనిచోట పేరే ప్రార్థన అయింది.

ఈ విజ్ఞానంతో తెలుగునేలకు సంబంధం లేకపోలేదు. ఖూలంజ్‌పై విస్తారంగా రాసిన మరొక హకీము అబూబక్ర్ రాజీ. ఆయన మహాగ్రంథం ‘అల్ హావీ’ అరబీ మూలాన్ని 1955 నుంచి 23 భాగాలుగా అచ్చువేసింది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే.

పేగులో పేగు దూరే స్థితికి ప్రత్యేకమైన పేరు స్థిరపడటానికి మాత్రం చాలా కాలం పట్టింది. స్కాట్లండుకు చెందిన శస్త్రవైద్యుడు జాన్ హంటర్ దానిని వివరించిన వ్యాసం 1793లో వెలువడింది. ‘ఇంటుస్’ అంటే లోపల, ‘సుస్కిపెరె’ అంటే గ్రహించుట. ఇవి లాటిన్ మాటలు. లోపలికి తీసుకోవడం అనే అర్థం అలా కుదిరింది. 1871లో జొనాథన్ హచిన్సన్ రెండేళ్ళ బాలికకు శస్త్రచికిత్స చేసి, దూరిన పేగును వెనక్కు లాగి బ్రతికించాడు.

నేటి అరబీ వైద్యులు దీనిని ‘ఇన్‌గిలాఫ్’ అంటారు. గిలాఫ్ అంటే తొడుగు. ముస్‌హఫ్‌కు తొడిగే గుడ్డ గిలాఫే, కఅబా వస్త్రమూ గిలాఫే. ఆ మాటే తెలుగు ఇళ్ళలోకి వచ్చి దిండు ‘గలీబు’ అయింది. ఒక పేగు మరొక పేగుకు గలీబులా తొడుక్కోవడమే ఈ జబ్బు. దీనిని వర్ణించగల మాట తెలుగు మంచం మీద దిండుకు తొడిగే ఉంది.

ఇదంతా పదాల చర్చగా ముగిసిపోయేది కాదు. మెలిక అంటే రుద్దితే విడిపోతుందన్న భావం కలుగుతుంది. పొట్టకు ఆముదం రాసి రుద్దుతూ కూర్చుంటే విలువైన గంటలు గడిచిపోతాయి. దూరిన భాగానికి రక్తప్రసారం ఆగి పేగు చచ్చుబడుతుంది. వచ్చిపోయే ఏడుపు, మధ్యలో మగత, వాంతులు, నెత్తురూ జిగటా కలిసిన విరేచనం కనిపిస్తే బిడ్డను వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. సకాలంలో చేరిస్తే మలద్వారం గుండా గాలిని గానీ ఉప్పునీటిని గానీ ఒత్తిడితో పంపి, చాలామంది బిడ్డలకు కత్తి పెట్టకుండానే పేగును సరిచేస్తారు. ఐలియోస్‌కు కొలిమితిత్తితో గాలి ఊదాలని గ్రీకు హిపొక్రటీసు గ్రంథాలలో ఏనాడో ఉంది!

అనువాదకుడు ఎంచుకునే మాట గ్రంథాలయంలోనే ఉండిపోదు; అది ఒక తల్లి చెవిలో పడుతుంది. ‘పేగు మెలిక పడింది’ అనే బదులు ‘పేగులో పేగు దూరింది’ అని చెప్పినా చాలు. రుద్దితే పోయేది కాదని ఆమెకు అర్థమవుతుంది.