అకారాది క్రమం – యంత్ర క్రమం

జిల్లాల పట్టికలో నల్లగొండ ముందుండాలా, మహబూబ్‌నగర్ ముందుండాలా? సమాధానం లిపిని బట్టి మారుతుంది. తెలుగులో త వర్గంలోని ‘న’ తర్వాతే ప వర్గంలోని ‘మ’ వస్తుంది. కాబట్టి నల్లగొండది ముందు స్థానం. ఉర్దూలో ‘మీమ్’ తర్వాత ‘నూన్’, ఇంగ్లీషులో ‘ఎం’ తర్వాత ‘ఎన్’ వస్తాయి. అక్కడ మహబూబ్‌నగర్‌దే ముందు స్థానం. హైదరాబాద్ రాజ్యంలో 1884లో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనా భాష అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1966 చట్టం తెలుగును అధికార భాష చేసింది. పాలనా భాషతో పాటు పట్టికల వరుస కూడా మారవలసిందే.

కంప్యూటర్ రాకతో మరో క్రమం వచ్చి చేరింది. యంత్రం అక్షరాన్ని ఒక సంకేత సంఖ్యగా మాత్రమే గుర్తిస్తుంది. 1967 నాటి ఆస్కీ పద్ధతిలో అంకెలు ముందు, ఇంగ్లీషు పెద్ద అక్షరాలు తర్వాత, చిన్న అక్షరాలు చివర ఉంటాయి. 1964లో ఐ.బి.ఎం. ప్రకటించిన సిస్టమ్/360 మెయిన్‌ఫ్రేమ్‌ల ఎబ్సిడిక్ పద్ధతిలో ఈ వరుస తలకిందులు: చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు, చివర అంకెలు. ‘12’ పక్కనే ఇంగ్లీషు ‘ఎ’ చేర్చిన సర్వే నంబరును, ‘120’ని మెయిన్‌ఫ్రేమ్ ఎడిటర్‌లో సార్ట్ చేస్తే ‘12ఎ’ ముందు వస్తుంది. ఆస్కీలో ‘120’ ముందు వస్తుంది. నంబర్లను అక్షరాలుగా నమోదు చేస్తే రెండు పద్ధతుల్లోనూ 1, 10, 100 తర్వాతే 2 వస్తుంది.

తెలంగాణలో సర్వే నంబర్ల ఉప విభాగాలను అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, ఋ అని గుర్తించడం వాడుక. వీటిని ఇంగ్లీషులో రాసినప్పుడు ‘ఉ’ను ‘యు’తో, ‘ఋ’ను ‘ఆర్, యు’లతో సూచిస్తే, సార్ట్ చేసిన జాబితాలో ‘ఋ’ భాగం ‘ఉ’ కంటే ముందుకు జరుగుతుంది.

1991 నాటి యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగు ఉంది. అయినా చిక్కులు తీరలేదు. మనం ‘హ’ తర్వాత చదివే ‘ళ’ను అందులో ‘ల’ పక్కన ఉంచారు. సంకేత సంఖ్యల ప్రకారం ‘కళ’ తర్వాతే ‘కవి’ వస్తుంది. ‘మహబూబ్‌నగర్’లో ‘బ్’ కింద న-వత్తు పడకుండా ఆపేది కంటికి కనిపించని ఒక సంకేతం. దానితో రాసిన పేరు, అది లేకుండా రాసిన పేరు యంత్రానికి రెండు వేర్వేరు ఊళ్లు. నల్గొండ, నల్లగొండ విషయమూ అంతే.

ఫలితం చిన్నది కాదు. రెండు దస్త్రాలను వరుసగా సరిపోల్చే ప్రోగ్రాం, రెండింటి క్రమం ఒకటేనన్న నమ్మకంతో పనిచేస్తుంది. క్రమాలు వేరైతే, ఉన్న రైతు పేరునే ‘లేదు’ అని చూపవచ్చు. అందువల్ల పాత రికార్డులను చదివే చరిత్ర విద్యార్థి, ఒక పేరు దొరకలేదంటే ఆ మనిషి లేడని నిర్ణయించే ముందు, ఆ జాబితాను ఏ లిపిలో, ఏ సంకేత పద్ధతిలో పేర్చారో పరిశీలించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ మండలంలోని పది గ్రామాల పేర్లను తెలుగు, ఇంగ్లీషు క్రమాల్లో రాసి, స్థానం మారిన వాటిని గుర్తించండి.