ఆముదం చెట్టూ, లారీ షాఫ్టూ

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని మనవాళ్ళు దాన్ని తెగ చులకన చేశారు గానీ, కృష్ణపట్నంలో 2008లో పోర్టు మొదలయ్యాక బొగ్గు మోస్తూ తిరుగుతున్న లారీల్లో ఒకదాని కిందకి ఓసారి వంగి చూడండి. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు కనిపిస్తుంది. లారీ గుంటలో పడి లేచినప్పుడల్లా అది కాస్త సాగాలి, కాస్త కురచవ్వాలి. అందుకని రెండు ముక్కలకి పళ్ళు కోసి, ఒకదాంట్లో ఒకటి జారేలా పెడతారు. ఉక్కు మీద ఉక్కయితే లోడు మీద పట్టేసి, ఒక్కసారిగా వదిలి కుదుపుతుంది. విరుగుడుగా చాలా షాఫ్టుల్లో ఒకవైపు పళ్ళకి నైలాన్ 11 పూత వేసి గ్రీజు పెడతారు.

ఈ నైలాన్ 11 పుట్టింది 1940ల్లో ఫ్రాన్సులో. ముడిసరుకు పెట్రోలియం కాదు, ఆముదం! నైలాన్ 6 నీళ్ళలో బాగా నానితే బరువులో దాదాపు 9 శాతం పీల్చుకుని ఉబ్బుతుంది, ఇది సుమారు 2 శాతమే. సముద్రగాలిలో జారే భాగానికి ఆ తేడా చిన్నదేం కాదు.

గ్రీజు సంగతి ఇంకా తమాషా. లిథియం గ్రీజుకి అమెరికాలో 1942లో పేటెంట్లొచ్చాయి. ఇప్పుడు అందులో నూనెని పట్టి ఉంచే సబ్బుని ఎక్కువగా ఆముదంలోంచి తీసిన ఆమ్లంతోనే చేస్తారు. అంటే పూతా ఆముదమే, కందెనా ఆముదమే :)

కొత్తేం కాదు లెండి. ఎడ్లబండి ఇరుసుకి మన తాతలు ఆముదంలో గడ్డి మసి కలిపి రాసేవాళ్ళు. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన ఇంజన్ ఆయిల్లో ఆముదం కలిపి, దాని ఇంగ్లీషు పేరులోంచే కాస్ట్రాల్ అని పెట్టుకుంది. పెట్రోల్లో తేలిగ్గా కరగదు కాబట్టి మొదటి ప్రపంచయుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలకీ ఆముదమే దిక్కయింది.

అలాగని పూతేస్తే అరుగుదల ఆగదు. సీలు దాటి దుమ్ము దూరితే అందులోని గట్టి రేణువులు మెత్తటి నైలాన్‌లో గుచ్చుకుని ఎదుటి ఉక్కునే గీకేస్తాయి. ఇంకో మెలిక: పొడిగా జారే నైలాన్ ఉక్కు మీద తన పల్చటి పొరని పూసుకుని బతికేస్తుంది. గ్రీజు ఉన్నచోట ఆ పొర సరిగ్గా అంటుకోదు, కాపాడే పని గ్రీజుదే. పట్టించడం మానేశారో, అంతే సంగతులు.

నాకు మింగుడుపడనిది వేరే. ప్రపంచంలో ఆముదాలు ఎక్కువ పండేది మన దేశంలోనే. గుజరాత్‌ది పెద్ద వాటా, మన నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట రైతులూ దశాబ్దాలుగా పండించారు. నైలాన్ 11 పెద్ద ఫ్యాక్టరీలు మాత్రం ఫ్రాన్సు, అమెరికా, చైనా, సింగపూర్‌లలో వెలిశాయి. మనం నూనె పిండి ఎగుమతి చేస్తున్నాం. నాలుగేళ్ళు మెకానికల్ చదివాను (చేసేది జావా అనుకోండి), ఒక్క లెక్చరర్ నోటా ఆముదం మాట వినలేదు.