ఆట మారినా విడిపోని జట్టు

బడి ఎగ్గొట్టి నెట్ సెంటర్లలో కంప్యూటర్ ఆటలాడుతూ పట్టుబడిన పిల్లలకు సప్తవ్యసనాలను గురించి నేనిచ్చిన ఉపన్యాసాలకు లెక్కలేదు. ఇరవైయేళ్ళ క్రిందటి మాట ఇది. వారిని అక్కడ కట్టిపడేస్తున్నది ఆటేనని అప్పట్లో నా నిశ్చితాభిప్రాయం. పదవీ విరమణానంతరం ఈ ఆటల చరిత్రను తీరికగా చదివాక ఆ నిశ్చయం సడలింది.

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ‘మడ్’ అనే ఆటకు శ్రీకారం చుట్టాడు. రిచర్డ్ బార్టిల్ దానిని పెంచి పెద్దచేశాడు. అందులో బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. (తెలుగు పండితులకు నచ్చవలసిన ఆట!) ఒకే సమయంలో అనేకులు ప్రవేశించి మాట్లాడుకొనగలగడమే దాని విశేషం. 1996లో బార్టిల్ ఆటగాళ్ళను పేకముక్కలతో పోల్చాడు: నిధులకై పాటుపడేవారు డైమన్లు, మూలమూలలా తవ్వి చూసేవారు ఇస్పేట్లు, ఇతరులను పీడించి ఆనందించేవారు కళావర్లు, మనుషుల కోసమే వచ్చేవారు ఆఠీన్లు. ఈ చివరివారికి ఆట ఒక నెపం మాత్రమే.

ఆ నెపం కాస్తా పోతే ఏమౌతుంది? దీనికి సమాధానం ‘ఉరు’ అనే ఆట చరిత్రలో దొరికింది. ‘మిస్ట్’ ఆటతో పేరుపొందిన సయాన్ సంస్థ 2003లో దీనిని విడుదల చేసింది. పలువురు కలిసి ఆడే భాగం ఇంకా పరీక్షదశలో ఉండగానే, 2004 ఫిబ్రవరిలో మూతపడింది. ఆటగాళ్ళు చెల్లాచెదురు కావాలి కదా! కాలేదు. కొన్ని వందలమంది తమను తాము ‘ఉరు శరణార్థులు’గా చెప్పుకొని, మూకుమ్మడిగా ‘దేర్’, ‘సెకండ్ లైఫ్’ వంటి పరాయి లోకాలకు వలసపోయారు. పోయినచోట తమ పాత ఊరి కట్టడాలను పోలినవాటిని మళ్ళీ కట్టుకున్నారు. సీలియా పియర్స్ అనే పరిశోధకురాలు వారి మధ్య మసలి, ఆ వలస కథను 2009లో గ్రంథస్థం చేసింది. ముంపుకు గురైన పల్లెలవారు కొత్త కాలనీలో మొదట గుడినీ రచ్చబండనూ వెదుక్కోవడం నాకు స్ఫురించింది.

అయితే అందరూ ఆఠీన్లే అనుకోరాదు. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’పై నికొలస్ డ్యూషెనో ప్రభృతులు 2006లో ప్రకటించిన పరిశోధనలో, ఆ ఆటలో చాలామంది అధికకాలం ఒంటరిగానే ఆడుతున్నారని తేలింది. చుట్టూ పదిమంది మసలుతుంటే చాలు, పలకరింపు అక్కరలేదు. సంతకు ఊరికే వెళ్ళివచ్చేవారు మనలో లేరా? మరోవైపు అదే ఆటలో తొలినాళ్ళ పెద్ద దండయాత్రలకు నలభైమంది దాకా కూడవలసి వచ్చేది. మనవాళ్ళు ఎదురుచూస్తారని నిద్ర మానుకొని కూర్చునేవాడిది స్నేహమా, నిర్బంధమా? పాశమనే మాటకు మన భాషలో రెండర్థాలూ ఉన్నాయి. పిల్లలను మందలించిననాడు ఈ రెండవ అర్థమే నాకు కనిపించింది, మొదటిది చూడలేదు.

ఉరు కథ అక్కడితో ముగియలేదు. 2007లో మళ్ళీ తెరచి, మరుసటి ఏడు మూసివేశారు. 2010లో సయాన్ దానిని ఉచితంగా తెరచి, నిర్వహణ వ్యయాన్ని ఆటగాళ్ళ విరాళాలకు వదిలింది.

ఆనాడు నేను చెవి మెలిపెట్టినవారిలో ఒకడు ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. మొన్న ఫోను చేసినప్పుడు, పాత జట్టు నలుగురూ ఆదివారాలు కలిసి ఆడుకుంటున్నామని చెప్పాడు.

“ఇంకా అదే ఆటా?” అన్నాను.

“అది ఎప్పుడో పోయిందండీ మాస్టారూ. ఇప్పుడు ఆడేది నాలుగోదో అయిదోదో” అన్నాడు.