వ్యావహారిక భాషావాదం: ఒప్పించే రచనలో పేర్లు, నిదర్శనాలు, నిర్మాణం

ఉపోద్ఘాతం

ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో మద్రాసు రాజధానిలోని విద్యార్థులు తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలో రాయాలా, శిష్టుల వాడుకభాషలో రాయాలా అన్న వివాదం తీవ్రమైంది. పరీక్ష రాసే విద్యార్థి చేతిలో ఏ రూపం ఒప్పు, ఏది తప్పు అన్నది ఆ తీర్పుమీదే ఆధారపడి ఉంది. ఈ సందర్భంలో వెలువడిన వాదరచనలు పాఠకులను ఏ విధంగా ఒప్పించడానికి ప్రయత్నించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పేరు పెట్టడంలోని వాదం

కావ్యభాషావాదులు వాడుకభాషను ‘గ్రామ్యం’ అన్నారు. అలంకారశాస్త్రంలో గ్రామ్యం ఒక దోషం. కాబట్టి ఆ మాటను అంగీకరించినవారు చర్చ మొదలుకాకముందే ఓడిపోయినట్లే. గిడుగు రామమూర్తి (1863–1940) ఆ పేరును స్వీకరించలేదు. చదువుకున్నవారు నిత్యం మాట్లాడే భాష కనుక అది ‘శిష్టవ్యావహారికం’ అన్నారు. గ్రాంథికాన్ని కృతకభాషగా నిరూపించ పూనుకున్నారు.

రచనా రూపాలు

1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు కావ్యభాషా పక్షానికి వేదికగా నిలిచింది. 1913లో గిడుగు ‘ఎ మెమోరాండమ్ ఆన్ మోడరన్ తెలుగు’ ప్రకటించారు. ఈ గ్రంథం ఇంగ్లీషులో ఉంది. తెలుగువారి వాడుకభాష కోసం చేసిన వాదం ఇంగ్లీషులో సాగడం వింతగా తోచవచ్చు. కాని నిర్ణయాధికారం గలవారు చదివే భాష అదే. జయంతి రామయ్య పంతులు కావ్యభాషా సమర్థన కూడా ఇంగ్లీషులోనే వెలువడింది.

1914 నాటి గురజాడ అప్పారావు డిసెంట్ పత్రం మరో రూపానికి చెందినది. విశ్వవిద్యాలయ వ్యాసరచనా ఉపసంఘంలో సభ్యుడిగా ఆయన తన అసమ్మతిని అందులో నమోదు చేశారు. అసమ్మతి పత్రం ఎదుటివారి నిర్ణయాన్ని ముందుంచుకొని దానికి సమాధానం చెప్పాలి. ఈ నిర్మాణం శాస్త్రగ్రంథాల్లోని పూర్వపక్ష–సిద్ధాంత పద్ధతికి దగ్గరగా ఉంటుంది.

నిదర్శనాల ఎంపిక

వాడుకభాష ప్రాంతాన్నిబట్టి, కులాన్నిబట్టి మారుతుందనీ, కావ్యభాష అందరికీ ఉమ్మడి అనీ ప్రతిపక్షం వాదించింది. దీనికి వ్యావహారికవాదులు ఇచ్చిన బలమైన సమాధానం ప్రతిపక్షపు రచనలనుంచే వచ్చింది. పండితులు గ్రాంథికమని రాసిన వచనంలోనే వ్యాకరణ విరుద్ధ రూపాలున్నాయని వారు చూపారు. నిర్దేశించినవారే పాటించలేని నియమాన్ని విద్యార్థిపై మోపడం న్యాయమా అన్న ప్రశ్న ఆ నిదర్శనాలనుంచే పుట్టింది. గిడుగు తరువాత ‘గద్యచింతామణి’లో పూర్వుల వచనంలోని వాడుకభాషను సేకరించి చూపారు. లిపిలేని సవర భాషను మాట్లాడేవారి నోటినుంచి నేర్చుకున్న పండితుడు, ప్రయోగానికే ప్రథమ స్థానం ఇవ్వడం సహజం.

ఫలితం, పరిమితి

ఇంత పటిష్ఠమైన వాదం కూడా ఆనాడు విశ్వవిద్యాలయాన్ని ఒప్పించలేకపోయింది. పాఠ్యరచనలో కావ్యభాషదే పైచేయి అయింది. గురజాడ 1915లో మరణించారు. గిడుగు 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించి వాదాన్ని అధికారులనుంచి సామాన్య పాఠకుల వద్దకు తెచ్చారు. పత్రికలు, కథలు, నవలలు వాడుకభాషను స్థిరపరచిన చాలాకాలానికి గాని విశ్వవిద్యాలయాల పరిశోధన రచన ఆ మార్గానికి రాలేదు.

మరొక విషయాన్ని గుర్తించాలి. గ్రామ్యమనే నిందను తొలగించిన ‘శిష్ట’ అనే విశేషణం ఒక కొత్త హద్దును కూడా గీసింది. కోస్తా జిల్లాల చదువుకున్న వర్గాల భాష ప్రమాణమైన తరువాత తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాండలికాలూ, శ్రామిక కులాల పలుకుబడీ మళ్లీ తమ గౌరవం కోసం వాదించవలసి వచ్చింది.

ముగింపు

పాఠకుణ్ణి గుర్తెరిగి రూపాన్ని ఎంచుకోవడం, ప్రతిపక్షం కాదనలేని నిదర్శనాన్ని చూపడం, వివాదాస్పదమైన పేరును పరీక్షించకుండా అంగీకరించకపోవడం ఈ రచనల ప్రధాన లక్షణాలు. వాదంలో గెలిపించిన మాట ఎవరిని చేర్చుకుంది, ఎవరిని వెలుపల ఉంచింది అన్నది కూడా పరిశోధకుడు అడగవలసిన ప్రశ్నే.